ముగ్గు చెరిపిన రైలు

"ఖలాస్," అన్నాడు చిన్నపుల్లయ్య, ఖాళీ చేతులు రెండూ చాపి చూపిస్తూ.

కౌంటర్ అవతల నిలబడిన ఇరాక్ సైనికుడు పాలపొడి డబ్బా కావాలంటున్నాడు. అల్మారాల వైపు చూశాడు. సబ్బులు, అగ్గిపెట్టెలు, ఎండు నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు.

"నాయనా, ఉండాయి కదా. కౌంటర్ కింద, గోనెపట్ట ఎనక," అంది ఈశ్వరి.

చిన్నపుల్లయ్య కూతురి వైపు తిరగలేదు. నవ్వు ముఖం అలాగే పెట్టుకుని, సైనికుడికి రెండు అగ్గిపెట్టెలు ఊరికే ఇచ్చి పంపించాడు. ఆ అబ్బాయికి తెలుగు రాకపోవడం ఆ రోజు అంగడికి దక్కిన మొదటి లాభం.

ఈశ్వరి అసలు పేరు వెంకటేశ్వరి. పదకొండేళ్ళు. బడిలో టీచర్ ప్రశ్న పూర్తి చేయకముందే చెయ్యెత్తేది. తెలిసిన సంగతి నోట్లో ఉంచుకోవడం ఆమెకు వేడి బజ్జీ నోట్లో ఉంచుకున్నంత కష్టం.

ఇప్పుడు బడి లేదు. ఆగస్టులో సద్దాం సైన్యం కువైట్‌లోకి వచ్చి కూర్చుంది. చాలామంది మనవాళ్ళు బస్సులెక్కి ఎడారి దాటి ఇండియా వెళ్ళిపోయారు. మహబూలాలో ఈ చిన్న బకాలా, అంటే కిరాణా అంగడి, నడిపే చిన్నపుల్లయ్య మాత్రం కదల్లేదు. చెల్లెలు సుబ్బరత్నమ్మ ఇక్కడే ఉంది. ఆమెను వదిలి పోయే బేరం ఆయనకు నచ్చలేదు.

"ఎవురికి నాయనా ఆ డబ్బాలు?" అని అడిగింది ఈశ్వరి.

"పసిబిడ్డలుండే ఇండ్లకు."

"అంటే ఆయప్పకు అబద్ధం చెప్పినావా?"

"అంగడికి రెండు అల్మారాలుంటాయి పాపా. ఒకటి వచ్చినోళ్ళకు కనపడేది. ఇంకొకటి మనోళ్ళ కోసరం. రెండోది కూడా అందరికీ చూపిస్తే మిగిలేది ఉత్త కౌంటరే."

ఈశ్వరి తల ఊపింది. విన్నది గానీ, లోపలికి తీసుకోలేదు.

*

అంతలో ఈశ్వరి తల్లి మునిలక్ష్మి మేడ దిగి వచ్చింది. చేతిలో ఐసు నింపిన ఫ్లాస్కు ఉంది. అందులో షుగర్ ఇంజెక్షన్ మందు సీసాలు ఉన్నాయి. కేరళ నర్సు ఒకామె కష్టపడి సంపాదించి ఇచ్చింది. అవి సబా అల్ సలేంలో సుబ్బరత్నమ్మ పనిచేసే ఇంటికి చేరాలి. ఇక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు. ఆ ఇంటి ముసలావిడను, యజమానురాలి తల్లిని, సుబ్బరత్నమ్మ పెద్ద మామా అంటుంది. ఆమె మందు నిన్నటితో అయిపోయింది.

"నేను పొయ్యేదా?" అంది మునిలక్ష్మి.

చిన్నపుల్లయ్య లెక్కవేశాడు. "కారులో పోతే కారు లాక్కుంటారు. నేను పోతే నన్ను కూర్చోబెట్టి పొద్దుగూకే దాకా ప్రశ్నలేస్తారు. పిల్లోళ్ళు సైకిళ్ళ మీద పోతే ఉల్లిగడ్డలు తీసుకోని ఇడిసిపెడ్తారు."

"పిల్లోళ్ళను పట్టుకుంటే?"

ఆ నెలంతా వీధిలో రొట్టెలు, మందులు పిల్లలే మోస్తున్నారు. సైనికులు పెద్దవాళ్ళను ఆపినట్టు వాళ్ళను ఆపడం లేదు. అయినా తల్లి మనసుకు ఆ లెక్క సరిపోదు.

మునిలక్ష్మి ఫ్లాస్కు మూత ఇంకోసారి బిగించింది. కొడుకు మహేష్ పుట్టినప్పుడు ఆసుపత్రిలో రాత్రంతా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆ పెద్ద మామానే. చివరికి ఆమే ఫ్లాస్కును ఉల్లిగడ్డల సంచి అడుగున పెట్టి, మూతి కట్టింది.

"పొద్దుండంగానే తిరిగొచ్చేయాల," అంది. "ఎవురేమడిగినా, అడిగినంతే చెప్పాల."

మూడు సైకిళ్ళు బయలుదేరాయి. ముందు ఈశ్వరి. మధ్యలో పై ఫ్లాటు రేహానా. రాయచోటి వాళ్ళ అమ్మాయి, ఈశ్వరి క్లాసే. చివర చిన్న సైకిల్ మీద తొమ్మిదేళ్ళ మహేష్.

*

పెద్ద రోడ్డు వాళ్ళకు కొత్త కాదు. ఫింతాస్ దాటి తిన్నగా వెళ్ళడమే. కానీ ఆ రోడ్డే ముఖం మార్చుకుంది. ఎప్పుడూ దారి చెప్పే బోర్డుల మీద నల్లరంగు పూసి ఉంది. కొన్నిచోట్ల బోర్డులే లేవు, ఒట్టి ఇనుప కాళ్ళు నిలబడి ఉన్నాయి.

"ఎవురు పీకినారో," అన్నాడు మహేష్.

"పీకినోళ్ళకు పనిలేక," అంది ఈశ్వరి. "దారి తెలీకుండా ఎవురికి ఏం లాభం?"

సబా అల్ సలేం మొదట్లో, లోపలి వీధులు మొదలయ్యే మూల దగ్గర చెక్‌పోస్టు ఉంది. ఇసుక మూటల పక్కన ఒక యువ సైనికుడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సంచి విప్పమన్నాడు. ఉల్లిగడ్డలు తన గుడ్డలోకి వంపుకోవడం మొదలుపెట్టాడు. అడుగున ఫ్లాస్కు కనబడగానే చెయ్యి ఆపాడు.

"వాటర్," అంది రేహానా, మహేష్‌ను చూపిస్తూ. "బేబీ."

తనను బేబీ అన్నందుకు మహేష్ ముఖం ముడుచుకుంది. ఆ ముఖం చూసి సైనికుడు నవ్వి, ఫ్లాస్కు వదిలేశాడు. సంచిలో మాత్రం పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇక లోపలి వీధులు. అన్నీ ఒకే రంగు గోడలు, ఒకే ఎత్తు గేట్లు. ఒక్క బోర్డూ లేదు. మొదటి మలుపు తిరిగి, రెండోది తిరిగి, మూడోది తిరిగేసరికి మళ్ళీ అదే సైనికుడి ముందుకు వచ్చిపడ్డారు.

"ఇంగ మనం ఇల్లు చేరినట్టే," అంది రేహానా.

ఈశ్వరికి ఒక ఉపాయం తట్టింది. జేబులో బడి చాక్‌పీస్ ఉంది. మూల దగ్గర కూర్చుని, తారు రోడ్డు అంచున చిన్న ముగ్గు వేసింది. ఎనిమిది రేకుల పువ్వు, ఒక రేకు మిగతావాటికన్నా పొడవు. పొడవు రేకు ఎటుంటే దారి అటు.

"ఏమిటది?" అని అరబ్బీలో అడిగాడు సైనికుడు, కుర్చీలోంచే.

అంగట్లో పెరిగిన పిల్ల. అరబ్బీ ఆమెకు బాగానే వచ్చు. "పువ్వు. ప్రతి మలుపులో వేస్తాను, మా అత్త ఇంటిదాకా. ఇక తప్పిపోము," అంది.

రేహానా ఆమె మోచేతిని గిల్లింది.

"షాత్రా," అన్నాడు సైనికుడు. తెలివైన పిల్ల అని ఆ మాటకు అర్థం.

ఈశ్వరి సైకిల్ ఎక్కి, ఆ మాటను బిళ్ళలా చప్పరిస్తూ తొక్కింది.

"ఎందుకు గిల్లినావే?"

"అడిగినంతే చెప్పమనింది మీ అమ్మ. ఆయన అడిగింది ముగ్గు గురించి. నువ్వు ఇల్లు గురించి చెప్పినావు."

"ఇల్లు యాడుందో చెప్పలేదు కదా."

ప్రతి మలుపులో ఒక పువ్వు పూసింది. జమియా సూపర్ మార్కెట్ వెనక, మసీదు ప్రహరీ పక్కన, మూతపడిన బడి దగ్గర. చివరికి తెల్ల గేటు కనబడింది. నంబరు పలక ఉండాల్సిన చోట నాలుగు మేకు రంధ్రాలున్నాయి. అయినా ఈశ్వరి గుర్తుపట్టింది. గేటు మీదుగా అత్త పెంచే కరివేపాకు కొమ్మ తొంగిచూస్తోంది.

పండగలా అనిపించింది ఆమెకు. గేటు ముందు అన్నిటికన్నా పెద్ద ముగ్గు వేసి, అప్పుడు తలుపు తట్టింది.

*

సుబ్బరత్నమ్మ గేటు సందులోంచి చూసింది. పిల్లలను లోపలికి లాగి, ఫ్లాస్కు తీసుకుని గుండెకు అదుముకుంది. మామా పరుగున వచ్చింది. ఆ ఇంటి యజమానురాలు. ఈశ్వరి నుదుటిమీద ముద్దు పెట్టి, ఫ్లాస్కుతో తల్లి గదిలోకి వెళ్ళిపోయింది.

"ఇల్లెట్ల కనుక్కున్యారమ్మీ, బోర్డులు గూడా లేకుండా?" అంది సుబ్బరత్నమ్మ.

ఈ ప్రశ్న కోసమే ఈశ్వరి దారి పొడుగునా ఎదురుచూసింది. చాక్‌పీస్ తీసి చూపించి, జరిగినదంతా చెప్పింది. సైనికుడు మెచ్చుకున్న సంగతి కూడా దాచలేదు.

అత్త చటుక్కున లేచింది. బకెట్ అందుకుని గేటు బయటికి వెళ్ళింది. చీపురుతో రుద్దిన చప్పుడు లోపలికి వినిపించింది. తిరిగి వచ్చాక గేటు గడియ పెట్టి, ఈశ్వరి ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మన ఊర్లో ముగ్గు చూసి లక్ష్మి వస్తాది. ఈడ ముగ్గు చూసి ఎవురొస్తారో తెల్సునా?"

ఈశ్వరి చాక్‌పీస్‌ను పిడికిట్లో మూసుకుంది.

"మేడ మీద నీళ్ళ ట్యాంకు గది ఉంది. బాబా ఆ గదిలో ఉన్యాడు."

బాబా అంటే మామా భర్త. పోలీసు అధికారి. ఆయన సౌదీకి వెళ్ళిపోయాడని అందరూ అనుకుంటున్నారు.

"ఆయన కోసరం సైన్యం ఎతుకుతాంది. ఇల్లు ఈ ఏరియాలోనే అని తెల్సు, ఏ ఇల్లో తెల్దు. ఒక రాత్రిలో ఈ వీధుల పిల్లోళ్ళంతా కలిసి బోర్డులు, నంబర్లు పీకేసినారు. పనిలేక కాదమ్మీ. తుపాకీ ఉన్నోడు దారి తెలీక తిరగాలని. వాళ్ళు అంత కష్టపడి పీకిన బోర్డులు, నువ్వు ఒక్క చాక్‌పీస్‌తో మళ్ళీ పాతినావు."

బోర్డులు పీకితే ఏం లాభమని ఉదయం తనే అడిగింది. ఆ లాభం ఇప్పుడు ఆమె ముందు నిలబడి ఉంది. తెలివి ఉండటం మంచి సరుకే. దాన్ని ఎవరి ముందు విప్పుతున్నామో చూసుకోకపోతే ఎదుటివాడు ఉచితంగా పట్టుకుపోతాడు.

ఈశ్వరి కళ్ళు తుడుచుకుంది. "నేను పోయి చెరిపేస్తా అత్తా. అన్నీ."

"ప్రతి మలుపులో కూర్చోని రుద్దుతాంటే చూసినోడు ఊరుకుంటాడా? నేను పోతే ఇంగా అనుమానం. పొద్దుగూకితే జీపు తిరుగుతాది."

అప్పుడు మహేష్ గొంతు వినిపించింది. వాకిట్లో కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

"నా కాళ్ళు ఖలాస్. నేను తొక్కను. నన్ను కట్టి లాక్కోని పోండి."

రేహానా నవ్వి, బట్టల తాడు తెచ్చి మూడు సైకిళ్ళనూ వరసగా కట్టింది. "ఇదో మీ కడప రైలు."

కువైట్‌లో రైలు లేదు. సెలవుల్లో ఊరికి పోతేనే మహేష్‌కు రైలు దొరికేది. వాడి కాళ్ళ నొప్పి అక్కడికక్కడే మాయమైంది. రైలుకు చివర గార్డు పెట్టె ఉండాలన్నాడు. ఖాళీ ఉల్లిగడ్డల గోనెసంచిని తన సైకిల్ వెనక తాడుతో కట్టి, వాకిట్లో ఒక చుట్టు లాగించుకున్నాడు.

వాకిట్లో ఇసుక దుమ్ము. సంచి పోయిన మేరా నేల శుభ్రంగా చారలా తేలింది.

ఈశ్వరి ఆ చార వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, సంచి విప్పి, సగం దాకా ఇసుక నింపింది. బకెట్‌లోని నీళ్ళు దాని మీద గుమ్మరించింది.

"ఏం చేస్తాండావు?" అన్నాడు మహేష్.

"గార్డు పెట్టె ఉత్తదైతే ఎగురుతాది. బరువుండాల."

రేహానాకు ముందు అర్థమైంది. తర్వాత అత్తకు. సుబ్బరత్నమ్మ తాడు ముడిని ఇంకోసారి గట్టిగా బిగించింది. ఈశ్వరి చేతిలోని చాక్‌పీస్ ముక్క తీసి, పిల్ల జడలో రిబ్బను కింద దూర్చింది.

"పారేయొచ్చు కదా అత్తా."

"ఏంటికి పారేయాల? నీ చాక్‌పీస్ తప్పు చేయలేదు."

*

రైలు బయలుదేరింది. మహేష్ కూత పెడుతున్నాడు. బడి దగ్గర మలుపులో ఈశ్వరి సైకిల్‌ను రోడ్డు అంచుకు తిప్పింది. రేహానా సైకిల్ తిరిగింది. మహేష్ సైకిల్ తిరిగింది. తడి సంచి పువ్వు మీదుగా పాకింది. ఈశ్వరి వెనక్కి చూసింది. రేకులు ఇంకా లీలగా కనబడుతున్నాయి.

"రైలు రివర్స్," అంది.

"రైలు రివర్స్ పోదు."

"కడపలో ఇంజను మార్చేటప్పుడు పోతాది. కూత పెట్టు."

ఇంకో చుట్టు తిరిగారు. ఈసారి ఒట్టి తడి మరక మిగిలింది. ఎండకు అదీ ఆరిపోతుంది. మసీదు పక్కన, జమియా వెనక, ఒక్కో మలుపులో రైలు రెండేసి సార్లు తిరిగింది. జమియా ముందు ఒక కువైటీ తాత వాళ్ళను చూశాడు. సంచిని చూశాడు, నేలను చూశాడు. ఏమీ అడగకుండా, తన చేతిలోని నీళ్ళ సీసా తీసి సంచి మీద పోసి వెళ్ళిపోయాడు.

ఒక్క పువ్వే మిగిలింది. చెక్‌పోస్టు ముందుది.

అక్కడ ఇప్పుడు జీపు ఆగి ఉంది. యువ సైనికుడు కుర్చీలో లేడు, నిటారుగా నిలబడి ఉన్నాడు. పక్కన మీసాల అధికారి ఒకాయన సిగరెట్ వెలిగిస్తున్నాడు.

ఈశ్వరి బ్రేకు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేసింది. ఆపితే పువ్వు ఉంటుంది. పువ్వు ఉంటే వాళ్ళు ప్రతి మూలా వెతుకుతారు.

"కూత," అంది మెల్లగా.

మహేష్ ఆ వీధిలో ఎవరూ ఎన్నడూ విననంత పెద్ద కూత పెట్టాడు. రైలు మూల తిరిగి, పువ్వు మీదుగా ఒక చుట్టు, రెండో చుట్టు వేసి, సరిగ్గా అధికారి బూట్ల ముందు ఆగింది.

"ఏమిటిది?" అన్నాడాయన.

"ఖితార్," అన్నాడు మహేష్. రైలు అని. అంత పెద్దమనిషికి అది కూడా తెలియదా అన్నట్టు చూశాడు.

అధికారి బూటుతో సంచిని తన్నాడు. తడి ఇసుక.

"గార్డు పెట్టె," అని తెలుగులోనే చెప్పాడు మహేష్.

"ఆ అమ్మాయి ఈమేనండీ," అన్నాడు యువ సైనికుడు, ఈశ్వరిని చూపిస్తూ.

"నువ్వు పువ్వులు వేస్తావట. చూద్దాం, ఒకటి వెయ్యి ఇక్కడ. ఎలా ఉంటుందో చూడాలి," అన్నాడు అధికారి.

చాక్‌పీస్ మెడ వెనకే ఉంది. ఆ పువ్వు ఎంత బాగా వేయగలదో ఆమెకు తెలుసు. ఉదయమైతే ఈపాటికి వేసి, మెప్పు కోసం తలెత్తి చూసేది.

ఈశ్వరి ఖాళీ చేతులు రెండూ చాపింది. "చాక్ ఖలాస్."

అధికారి రోడ్డు అంచు చూశాడు. నల్లటి తారు, మీద తడి. "మరి వేసినవి?"

"బళ్ళు తొక్కేసి ఉంటాయి."

"మీ అత్త ఇల్లు ఎక్కడ?"

ఈశ్వరి ఆయన కళ్ళలోకి తిన్నగా చూసింది.

"దొరకలేదు. బోర్డులు లేవు కదా. ఈ ఊళ్ళో దారి ఎవరికీ తెలియదు."

"ఇల్లు దొరకకపోతే సంచిలో సరుకు ఏమైంది?"

"ఉల్లిగడ్డలా? మీవాళ్ళే తీసుకున్నారు. అన్నీ."

అధికారి మెల్లగా సైనికుడి వైపు తిరిగాడు. కుర్చీ కింద గుడ్డమూట ఉంది. అందులోంచి ఉల్లిగడ్డ ఒకటి అప్పుడే దొర్లి బయటపడింది. సైనికుడు దాన్ని కాలితో లోపలికి నెట్టబోయి, ఆగాడు. ఇక పువ్వుల సంగతి ఎత్తడం తనకే నష్టమని అతనికి తెలిసిపోయింది.

"చిన్నపిల్లలు సార్," అన్నాడు. "ఏదో ఆట."

అధికారి సిగరెట్ నేలకేసి నలిపాడు. "యల్లా," అని చేత్తో తరిమాడు. పిల్లలనా, సైనికుడినా అన్నది తెలియలేదు. ఈశ్వరి మాత్రం పిల్లలనే అని తీసుకుంది.

రైలు తొందరపడకుండా కదిలింది. ఫింతాస్ దాకా ఈశ్వరి ఎక్కడా ఆపలేదు. అక్కడ రోడ్డు పక్కన నల్లరంగు పూసిన బోర్డు ఎదురైంది. ఈశ్వరి బెల్లు రెండుసార్లు మోగించి దాన్ని దాటింది.

"ఎవురికి కొట్టినావు?" అన్నాడు మహేష్.

"స్టేషన్ వచ్చింది కదా."

*

పొద్దు వాలే వేళకు చిన్నపుల్లయ్య అంగడి బయట నిలబడి ఉన్నాడు. దూరం నుంచే తలలు లెక్కపెట్టుకున్నాడు. మునిలక్ష్మి మేడ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. మహేష్‌ను సైకిల్‌తో సహా కౌగిలించుకుంది.

"మందు చేరిందా?" అన్నాడు చిన్నపుల్లయ్య.

"చేరింది."

"దోవలో ఏమడిగినారు?"

"ఇల్లు అడిగినారు నాయనా."

ఆయన ఆమె ముందుకు వంగాడు. "నువ్వేమన్యావు?"

ఈశ్వరి అంగట్లోకి వెళ్ళి, జడ ముందుకు లాక్కుని రిబ్బను విప్పింది. చాక్‌పీస్ ముక్క తీసింది. కౌంటర్ వెనక వంగి, గోనెపట్ట ఎత్తి, పాలపొడి డబ్బాల పక్కన దాన్ని నిలబెట్టింది. గోనెపట్ట మళ్ళీ కప్పి, అంచులు సరిచేసింది.

తర్వాత స్టూలు లాక్కుని దానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. వీధి చివర బూట్ల చప్పుడు వినిపిస్తోంది. రెండు చేతులూ ఖాళీగా కౌంటర్ మీద పెట్టి, ఈశ్వరి ఆ వైపే చూస్తూ ఉంది.